మా తర్వాత ఎవరు అని అడగడానికి 28 ఏళ్లు పట్టింది

మా చిన్నవాడికి బుద్ధిమాంద్యం. అన్నం తినాలంటే ముందు వాడి స్టీలు గ్లాసు కనబడాలి. అంచు దగ్గర చిన్న సొట్ట పడిన గ్లాసు. అది కంచానికి కుడిపక్కన ఉంటేనే ముద్ద నోట్లోకి వెళ్తుంది. లేకపోతే కంచం ముందు అలాగే కూర్చుంటాడు. ఆకలేస్తున్నా తినడు, ఎందుకు తినడం లేదో చెప్పలేడు. ఈ సంగతి నాకు తెలుసు, మావారికి తెలుసు. మూడో మనిషికి తెలియదు. అలా తెలియకపోవడం ఎంత ప్రమాదమో 2023 ఫిబ్రవరి దాకా నాకు తట్టనే లేదు.

ఆ నెలలో ఒక అర్ధరాత్రి మావారికి గుండెనొప్పి వచ్చింది. మేం ఉండేది హైదరాబాద్ రామ్‌నగర్‌లో, రెండో అంతస్తు. పక్కింటి వదినగారి అబ్బాయి కారు తీశాడు. ఆ కంగారులో చిన్నవాణ్ని వాళ్లింట్లో వదిలి, మందుల డబ్బా వదినగారి చేతిలో పెట్టి, "రెండు పూటలా ఒక్కోటి వెయ్యండి" అని చెప్పి వెళ్లిపోయాను. ఐదు రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాం. రెండు స్టెంట్లు వేశారు.

మూడో రోజు పొద్దున వదినగారు ఫోన్ చేశారు. "బాబుకి ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు తగ్గింది, పడుకున్నాడు. నువ్వు కంగారుపడకు" అని ఏడుస్తూ చెప్పారు. వాడికి ఆరేళ్లప్పటి నుంచి మూర్ఛకి మందులు వాడుతున్నాం. ఎనిమిదేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదు. ఆవిడ తప్పేం లేదు. మాత్ర వేళకి వేశారు, నీళ్లు తాగించారు. వాడు మాత్రని బుగ్గలో దాచుకుని, ఆవిడ అటు తిరగగానే మంచం కింద ఊసేశాడు. మేమైతే మాత్ర వేశాక "ఆ" అనిపించి, నోరు తెరిపించి చూస్తాం. అది నేను ఆవిడకి చెప్పలేదు. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెడతాయని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పారో, అయినా చెప్పలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు వాడు. గ్లాసు మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ రోజు లెక్క వేసుకున్నాను. ఆయనకి 66, నాకు 60, వాడికి 28. వీడు ఒక రోజు గడపడానికి కావలసినదంతా నా తలలో ఉంది. కాగితం మీద ఒక్క ముక్క లేదు.

అంతకుముందు ఆలోచించలేదని కాదు. ఇలాంటి పిల్లలున్న ఏ ఇంట్లోనైనా రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఒక్కటే, మా తర్వాత ఎవరు అని. "వీడికంటే ఒక్కరోజు తర్వాత పోతే చాలు" అని దేవుడికి దణ్ణం పెట్టుకునే తల్లులం మేం. బయటివాళ్లకి ఈ మాట ఘోరంగా వినిపిస్తుంది. మాలో ఎవరితోనైనా అంటే, ఏమీ అనకుండా చెయ్యి పట్టుకుంటారు. దేవుణ్ని రోజూ అడిగాను. మనుషుల్ని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఆయన ఇంటికొచ్చి కాస్త తేరుకున్నాక, ఏప్రిల్‌లో బ్యాంకుకి వెళ్లాం. చిన్నవాడి చిన్నప్పుడు వాళ్ల తాతయ్య వాడి పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరింది. కౌంటర్ వెనకాల అమ్మాయి కంప్యూటర్లో చూసి, "ఈయనకి 28 ఏళ్లు ఆంటీ, ఈయనే సంతకం పెట్టాలి" అంది. మావాడు పేరులో మొదటి అక్షరం ఒక్కటే రాస్తాడు, అదీ ఒక్కోసారి ఒక్కోలా. "నేను వాడి తల్లినమ్మా" అన్నాను. ఆ పిల్ల నెమ్మదిగానే చెప్పింది: "మీరు అమ్మే ఆంటీ. కానీ లీగల్ గార్డియన్ కాదు కదా. ఆ సర్టిఫికెట్ తెస్తే మేం చేసిపెడతాం."

18 నిండిన మనిషికి, బుద్ధిమాంద్యం ఉన్నా సరే, తల్లిదండ్రులు తమంతట తాము సంరక్షకులు కారు. చట్టం కళ్లకి వాడు మేజర్. మేం పదేళ్లుగా వాడి తరఫున పెడుతూ వచ్చిన సంతకాలకి ఏ విలువా లేదన్నమాట. ఎవరూ అడగలేదు కాబట్టి నడిచిపోయింది. ఈ ఒక్క ముక్క వాడికి 17 ఏళ్లున్నప్పుడు స్పెషల్ స్కూల్లో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. అందుకే ఇప్పుడు కనబడ్డ ప్రతి తల్లికీ చెబుతున్నాను. పిల్లలకి 18 రాకముందే తెలుసుకోండి.

ఆ సాయంత్రం వాడి స్కూలు రోజుల నాటి ఒకావిడకి ఫోన్ చేశాను. ఆవిడే నన్ను తల్లిదండ్రుల సమావేశానికి తీసుకెళ్లింది. నెలకోసారి శనివారం, ఒక స్కూలు హాల్లో, ఇరవై ముప్పై మంది కూడతారు. అందరివీ పెద్దయిన పిల్లలే. కొందరు పిల్లల్ని వెంట తెచ్చుకుంటారు. ఒక మూల పిల్లలు, పిల్లలంటే ముప్పైలు నలభైలు దాటినవాళ్లు, క్యారమ్స్ ఆడుతుంటారు. మావాడు ఆడడు, స్ట్రైకర్‌ని చేతిలో పట్టుకుని తిప్పుతూ కూర్చుంటాడు. ఎవరూ "ఎందుకలా చేస్తున్నాడు" అని అడగలేదు. మేం ముగ్గురం కలిసి ఒక గదిలో కూర్చున్నప్పుడు ఎవరూ మావైపు తిరిగి చూడకపోవడం ఎన్నేళ్లకి జరిగిందో.

అక్కడ 74 ఏళ్ల పెద్దాయన ఒకరున్నారు. రిటైరైన లెక్కల మాస్టారు, వరంగల్ వైపు వాళ్లు. వాళ్లమ్మాయికి 45. భార్య పోయి ఆరేళ్లయింది. నేను బ్యాంకు సంగతి చెప్పి ఏడుస్తుంటే, మొత్తం విని, సంచిలోంచి ఒక ఫైలు తీశారు. "చెల్లె, ఏడ్వాలంటే ఏడ్వు. అయినంక ఇది రాసుకో" అన్నారు.

ఆయన చెప్పింది ఇది. మన పిల్లలకోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు, ఈ నాలుగింటికి. దాని ప్రకారం ప్రతి జిల్లాకీ ఒక స్థానిక కమిటీ ఉంటుంది. కలెక్టర్ అధ్యక్షుడు, ట్రస్టులో నమోదైన ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి సభ్యులు. గార్డియన్‌ని నియమించేది ఆ కమిటీ. మన పిల్లల విషయంలో కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. ఆ కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌ని బ్యాంకులు తీసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2007లోనే చెప్పింది.

"గార్డియన్ అంటే మొత్తం మనమే అనుకునేరు. అట్ల కాదు" అన్నారాయన. అసలు ఈ మనిషికి గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏయే పనులకి అవసరం అని కమిటీ చూడాలని ఆ చట్టంలోనే ఉందట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా పరిమిత సంరక్షణ గురించే చెబుతుంది, అంటే ఆ మనిషి ఇష్టాన్ని కనుక్కుని, వాళ్లతో కలిసి నిర్ణయం తీసుకోవడం. నేను తల ఊపాను గానీ, నిజం చెప్పాలంటే నాకు ఎక్కలేదు. మావాడి ఇష్టం నాకు తెలియనిదా అనుకున్నాను.

ముందు వాడి వైకల్యం సర్టిఫికెట్ కావాలి. మా దగ్గరున్నది వాడి చిన్నప్పటి పాత కాగితం, లామినేషన్ చేయించి దాచుకున్నది. మావారికి కేంద్ర ప్రభుత్వ పెన్షన్ వస్తుంది కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఆసరా పెన్షన్ మాకు వర్తించదు, అందుకని వైకల్యం సర్టిఫికెట్లు ఇచ్చే సదరం జోలికి ఎప్పుడూ పోలేదు. మీసేవలో స్లాట్ బుక్ చేసుకుని, ఆ రోజున ఆస్పత్రికి వెళ్లాం. చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. మావాడికి వరసలో నిలబడటం కష్టం, ముందువాళ్ల చొక్కా పట్టుకుని లాగుతాడు. ఇలాంటివాళ్లకోసం ఒక పక్కగా నాలుగు కుర్చీలు వేసినా చాలు, అంతకుమించి ఏ ఖర్చూ లేదు.

లోపల ఒక సైకాలజిస్టు, చిన్న వయసమ్మాయే. ఐక్యూ పరీక్షతో పాటు వైన్‌లాండ్ స్కేల్ అని ఒకటుంది. పిల్లవాడు రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలడో తల్లినో తండ్రినో అడిగి మార్కులు వేస్తారు. ఆ అమ్మాయి అడుగుతోంది, నేను చెబుతున్నాను.

"స్నానం తనే చేస్తాడా?"

"లేదమ్మా, నేనే చేయిస్తాను."

"చొక్కా గుండీలు పెట్టుకుంటాడా?"

"లేదు, నేనే పెడతాను."

"రోడ్డు దాటగలడా? డబ్బులు గుర్తుపడతాడా?"

అన్నిటికీ అదే జవాబు. ఆ అమ్మాయి కలం పక్కన పెట్టి, టేబుల్ చుట్టూ తిరిగొచ్చి, వాడి చొక్కా పైగుండీలు రెండూ ఊడదీసింది. "పెట్టుకో నాన్నా" అని ఊరుకుంది. నా చెయ్యి దానంతటదే వాడి మీదకి వెళ్లబోయింది. ఆపుకున్నాను. వాడు కిందకి చూసుకున్నాడు. బొటనవేలితో గుండీని నొక్కి, కాజాలోకి సగం తోశాడు. జారిపోయింది. మళ్లీ తోశాడు. నాలుక పళ్ల మధ్య పెట్టుకున్నాడు, చిన్నప్పుడు బొమ్మలు పేర్చేటప్పుడు అలాగే పెట్టేవాడు. ఎంతసేపయిందో, రెండు నిమిషాలేమో, గుండీ దూరింది. రెండోది ఇంకొంచెం తొందరగా.

"చెయ్యలేడా ఆంటీ, చెయ్యనివ్వలేదా?" అంది ఆ అమ్మాయి. నన్ను తప్పుపట్టడానికి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

ఆ గుండీలు వాడికి నేర్పింది నేనే. వాడికి నాలుగేళ్లున్నప్పుడు సికింద్రాబాద్‌లో బస్సు మారి బోయినపల్లి మనోవికాస్‌నగర్ వెళ్లేదాన్ని. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ అది. అప్పట్లో ఎన్‌ఐఎంహెచ్ అనేవాళ్లం, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. పనిని ముక్కలు చేసి, చివరి ముక్క ముందు నేర్పమని అక్కడ చెప్పారు. లాగు తొడిగేటప్పుడు మోకాళ్లదాకా మనం తెచ్చి, పైకి లాక్కోవడం వాడికి వదిలెయ్యాలి. పని పూర్తిచేశానన్న సంతోషం వాడిది కావాలి. అది రాగానే దానికి ముందు ముక్క. అలా ఏడాదిన్నర పట్టింది చొక్కా తొడుక్కోవడానికి. ఆ తర్వాత స్కూలు ఆటో ఏడున్నరకి వచ్చేది. వాడు గుండీలు పెట్టుకునే సరికి ఆటో వెళ్లిపోయేది. తొందరలో నేను పెట్టడం మొదలుపెట్టాను. 18 దాటి స్కూలు అయిపోయింది, ఆటో రావడం ఆగిపోయింది, నేను మాత్రం పెడుతూనే ఉన్నాను.

సర్టిఫికెట్‌లో మోడరేట్, 75 శాతం అని వచ్చింది. దాంతో ఇన్‌కమ్ టాక్స్‌లో పాత పద్ధతిలో ఉన్నవాళ్లకి 75,000 తగ్గింపు ఉంటుంది, 80 శాతం, ఆపైన అయితే 1,25,000. మా గుంపులోనే అంబర్‌పేట నుంచి వచ్చే ఒక కుట్టుపనివాళ్ల ఇంట్లో అమ్మాయికి ఆసరా పెన్షన్ వస్తుంది, 2023 జూలై నుంచి 4,016 చేశారు. అది ఆ ఇంటికి పెద్ద ఆధారం. నిరామయ అని నేషనల్ ట్రస్ట్ ఆరోగ్య బీమా కూడా ఉంది, ఏడాదికి లక్ష దాకా. ముందస్తు వైద్య పరీక్షలు అడగరు, థెరపీలకీ వర్తిస్తుంది. కాకపోతే మనం ఖర్చుపెట్టి బిల్లులు పంపి తెచ్చుకోవాలి. ప్రతి మందుల చీటీ దాచుకోండి.

గార్డియన్‌షిప్ దరఖాస్తు ఆగస్టులో పెట్టాం. వాడి వయసు కాగితం, వైకల్యం సర్టిఫికెట్, మా చిరునామా, ఆస్తి వివరాలు, మావారి అంగీకారం. ఒక కార్యాలయంలో మూడుసార్లు తిప్పారు, ప్రతిసారీ ఇంకో కాగితం. మూడోసారి మాస్టారు వెంట వచ్చారు. వాళ్లమ్మాయిని ఆ పూట మా గుంపులో ఇంకొకరు చూసుకున్నారు. ఇలాంటివాళ్ల అమ్మానాన్నలకి ఏం సాయం చెయ్యాలని చాలామంది అడుగుతుంటారు. చెయ్యగలిగింది ఇదే. "ఏమైనా కావాలంటే చెప్పు" అంటే మేం చెప్పలేం, అలవాటు లేదు. "శనివారం పది నుంచి పన్నెండు దాకా నేను వచ్చి కూర్చుంటాను, నువ్వు పని చూసుకో" అనండి. ఆ రెండు గంటల్లో మేం డాక్టరు దగ్గరికి వెళ్తాం, తలస్నానం చేస్తాం, పడుకుంటాం. 78 కిలోల కొడుక్కి స్నానం చేయించే తల్లి మోకాళ్లు ఎలా ఉంటాయో ఆ తల్లి కూడా పట్టించుకోదు.

జనవరిలో కమిటీ ముందుకి పిలిచారు. పొడవాటి బల్ల, ఏసీ చల్లగా ఉంది. మావాడికి చలి, నా కొంగు పట్టుకుని కూర్చున్నాడు. అధికారి కాగితాలు చూస్తూ మమ్మల్ని అడుగుతున్నారు. బల్ల చివర చక్రాల కుర్చీలో ఉన్న సభ్యుడు మాత్రం మావైపు చూడలేదు. కుర్చీ తిప్పుకుని వాడి ఎదురుగా వచ్చారు.

"నీకేం ఇష్టం?"

వాడు చాలాసేపు ఆయన కుర్చీ చక్రాన్ని చూశాడు. "టీ" అన్నాడు.

"ఇంకా?"

"అక్క."

"నీ డబ్బులు ఎవరి దగ్గర ఉండాలి?"

నాకు గుండె దడ. వీడికేం తెలుసు, ఏదో ఒకటి అంటే కాగితం ఆగిపోతుందేమో. వాడు ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి ఇరవై రూపాయల నోటు తీశాడు. ఉపాధి శిక్షణ కేంద్రంలో కాగితం కవర్లు అంటించినందుకు నెలకి కొంచెం డబ్బిస్తారు, అందులోది. ఆయనకి చూపించి, మడిచి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "నా" అన్నాడు.

ఆయన అధికారి వైపు తిరిగి, "శిక్షణ కేంద్రం ఇచ్చే డబ్బు ఆయనే వాడుకోవాలి. బ్యాంకు, ఆస్తి, వైద్యం, వీటికి అమ్మగారు" అన్నారు. మాస్టారు చెప్పినప్పుడు నాకెక్కనిది అప్పుడు ఎక్కింది. ఆ డబ్బు నెలనెలా తీసుకుని హుండీలో వేస్తున్నది నేనే. దీన్నేం చేద్దాం అని వాణ్ని ఒక్కసారి కూడా అడగలేదు.

మార్చిలో సర్టిఫికెట్ చేతికొచ్చింది. తీసుకున్నాక పనులు కొన్ని ఉంటాయి, మర్చిపోవద్దు. నియామకం జరిగిన ఆరు నెలల్లో పిల్లల పేరున ఉన్న ఆస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా, ఆర్థిక సంవత్సరం అయిన మూడు నెలల్లో లెక్కలు ఇవ్వాలి. మావారు దానికోసం ఒక రిజిస్టరు పెట్టారు.

తర్వాతిది కుటుంబ పెన్షన్. ఆయన తర్వాత నాకొస్తుంది. నా తర్వాత, సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకి జీవితాంతం ఇస్తారు, మిగతా పిల్లలకిలా 25 ఏళ్ల వయసు దాకానే అన్న గడువు వాళ్లకి లేదు. వైకల్యం శాశ్వతమైతే డాక్టరు సర్టిఫికెట్ ఒక్కసారి చాలు, తాత్కాలికమైతే అయిదేళ్లకోసారి. 2021 ఫిబ్రవరిలో ఆదాయం షరతు కూడా సడలించారు. అంతకుముందు 9,000 మీద డీఆర్, అంటే కరువు భృతి, కలిపిన పరిమితి ఉండేది, ఇప్పుడు బిడ్డ సొంత ఆదాయం తనకి రావలసిన కుటుంబ పెన్షన్ కన్నా తక్కువైతే సరిపోతుంది. ఇవన్నీ పెన్షనర్ బతికుండగానే రికార్డులో ఎక్కించుకోవాలి. తర్వాత ఆ బిడ్డ తరఫున తిరిగేవాళ్లు ఎవరుంటారు?

ఆ ఫారం నింపుతూ మావారు ఒకచోట ఆగారు. మీ ఇద్దరి తర్వాత బిడ్డ తరఫున పెన్షన్ తీసుకునే వ్యక్తి పేరు రాయాలి. ఖాళీ గడి. ఆయన కలం మూత పెట్టేశారు. "రేపు చూద్దాం" అన్నారు. ఆ రేపు పదకొండు రోజులు సాగింది. ఫారం ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లుల కింద ఉంది. ఇద్దరం దాని పక్కనుంచే తిరిగాం.

మా పెద్దమ్మాయికి 33. బెంగళూరులో ఉద్యోగం, అల్లుడు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. దాని పెళ్లప్పుడు వచ్చిన సంబంధాలన్నీ తమ్ముడి గురించి తెలియగానే ఆగిపోయేవి. అల్లుడు వాళ్లు ఒక్కమాట అనకుండా చేసుకున్నారు. ఆ రోజే నేను దానికి మాటిచ్చాను, "తమ్ముడి భారం నీ మీద పెట్టం" అని. ఆ మాట తొమ్మిదేళ్లుగా పండక్కి వచ్చినప్పుడల్లా అంటూనే ఉన్నాను. అది మాట్లాడకుండా ఊరుకునేది. దానికి ఊరటగా ఉందేమో అనుకునేదాన్ని.

పదకొండో రోజు రాత్రి ఫోన్ చేసి గడి సంగతి చెప్పాను. చెప్పి, అలవాటు ప్రకారం, "నీకేం సంబంధం లేదులే తల్లీ, ఊరికే చెబుతున్నా" అన్నాను.

"నాకేం సంబంధం లేదా?" అంది. గొంతు మారిపోయింది. "అమ్మా, నువ్వు వాణ్ని ఎప్పుడూ భారం అంటావు. నాకు వాడు తమ్ముడు. నన్ను ఒక్కసారైనా అడిగావా? నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా నాకు మూడోరోజు చెప్పారు. వాడికి ఫిట్స్ వచ్చాయని పక్కింటి ఆంటీ చెబితే తెలిసింది."

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత అదే అంది. "నా పేరు రాయండి. పెన్షన్, బ్యాంకు, మందులు, డాక్టర్లు, అవన్నీ నేను చూస్తాను. మీ తర్వాత గార్డియన్‌గా దరఖాస్తు కూడా పెడతాను. కానీ మా ఇంట్లోనే ఉంచుకుంటానని ఇప్పుడే మాటివ్వలేను. మా ఇల్లు చిన్నది, అత్తయ్యకి ఒంట్లో బాగుండదు. వాడికి ఎక్కడ బాగుంటుందో వెతుకుదాం. మీరున్నప్పుడే వెతుకుదాం."

ఆ నిజాయితీకి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. అన్నీ నేనే చూస్తానని అంటే సంతోషించేదాన్నేమో గానీ, భయం పోయేది కాదు. తోడబుట్టినవాళ్లు ఎంతవరకు చెయ్యగలరో వాళ్ల నోటితోనే చెప్పనివ్వాలి. చెప్పాలంటే ముందు మనం అడగాలి.

వెతుకులాట ఇంకా నడుస్తోంది. నేషనల్ ట్రస్ట్ కిందే సమర్థ్ అని కొద్దికాలం ఉంచుకునేవి, ఘరౌందా అని పెద్దవాళ్లకి జీవితాంతం ఉండే ఇళ్లు, ఇలా పథకాలున్నాయి. మా ఊళ్లో ఉన్న నాలుగైదు చోట్లు చూశాం. ఒకచోట మంచాలు శుభ్రంగా ఉన్నాయి, కానీ పగలంతా టీవీ ముందే. ఇంకోచోట కూరగాయలు తరగడం దగ్గర్నుంచి వాళ్లచేతే చేయిస్తున్నారు, కానీ ఖాళీ లేదు, పేరు రాయించి వచ్చాం. చూడటానికి వెళ్లేటప్పుడు మధ్యాహ్నం భోజనం వేళకి, ముందు చెప్పకుండా వెళ్లండి. వడ్డించే మనిషి వాళ్లతో ఎలా మాట్లాడుతోందో వినండి.

ఈలోగా నేను ఒక పుస్తకం మొదలుపెట్టాను. కోఠిలో కొన్న 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. అట్ట మీద వాడి పేరు, వాడి చేత్తో మొదటి అక్షరం. లోపల మందుల పేర్లు, మోతాదు, వేసే తీరు, నోరు తెరిపించి చూడటం. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలని. పంటి నొప్పి వస్తే నోటితో చెప్పడు, కుడిచెవి లాక్కుంటాడని. ఉరుములంటే భయమని, అప్పుడు దుప్పటి కప్పి పక్కన కూర్చుంటే చాలు, మాట్లాడకూడదని. గ్లాసు సంగతి మొదటి పేజీలోనే, గీత కొట్టి మరీ.

గడ్డం సంగతి మావారు రాశారు. వారానికి మూడుసార్లు ఆయనే గీసేవారు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన చెయ్యి వణుకుతోంది, బ్లేడు పట్టుకోలేకపోయారు. ట్రిమ్మర్ కొని, అద్దం ముందు వాడి చేతిలో పెట్టారు. ఆ శబ్దానికి ముందు వారం రోజులు పారిపోయాడు. తర్వాత ఆఫ్ చేసి ఉన్న ట్రిమ్మర్‌తో అలవాటు చేశారు. ఇప్పుడు ఎడమ బుగ్గ తనే గీసుకుంటాడు, కుడి బుగ్గకి వాళ్ల నాన్నని పిలుస్తాడు.

ఈ దసరాకి అమ్మాయి పిల్లల్ని అల్లుడి దగ్గర వదిలి ఒక్కతే వచ్చింది. "మీరిద్దరూ ఎక్కడికైనా వెళ్లండి, రెండు రాత్రులు. నేనూ వాడూ ఉంటాం" అంది. వాడు పుట్టాక వాణ్ని వదిలి మేమిద్దరం ఎక్కడా పడుకోలేదు. యాదగిరిగుట్ట వెళ్లాం, దూరం తక్కువని. బస్సులో కూర్చుంటే ఒళ్లో ఏదో మర్చిపోయినట్టు ఉంది. ఫోన్ చేద్దామంటే మావారు వద్దన్నారు, ఆయనే బయటికి వెళ్లి చేశారని తర్వాత తెలిసింది. రెండో రోజు దర్శనం అయ్యాక మెట్ల మీద కూర్చుని ఇద్దరం పులిహోర తిన్నాం. నేను నా అన్నం చల్లారకముందే తిన్నాను. అలా తిని ఎన్నాళ్లయిందో ఆయనే గుర్తుచేశారు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం. వాడు హాల్లో కవర్లు అంటిస్తున్నాడు, తలెత్తి చూసి "టీ" అన్నాడు. అమ్మాయి స్నానానికి వెళ్లింది. నోట్‌బుక్ టేబుల్ మీద తెరిచి ఉంది. మొదటి పేజీలో నా గీత కింద, దాని గుండ్రటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది:

"గ్లాసు నిన్న కడిగి ఆరబెట్టి మర్చిపోయా. వాడే లేచి వెళ్లి తెచ్చుకున్నాడు."